ఇంట్లో పాప, వాకిట్లో టైగర్



పసిబిడ్డ ఉన్న ఇంట్లో పెద్ద కుక్కను ఉంచుకోవచ్చునా అనే ప్రశ్న గృహకూటాలకు వెళ్ళినప్పుడు మాకు తరచుగా ఎదురవుతూ ఉంటుంది. అడిగేవారు చాలావరకు జవాబు ముందే నిర్ణయించుకొని అడుగుతారు. కొందరు మా చేత “పంపించేయండి” అనిపించాలని చూస్తారు. కొందరు “మీ కుక్క మంచిదే, ఏమీ కాదు” అనిపించాలని చూస్తారు. ఈ రెండింటిలో ఏదీ మేము అనము. మా ఇంట్లో జరిగిన సంగతులు చెబుతాము. అవి విని ఎవరి ఇంటి సంగతి వారే ఆలోచించుకోవాలి.

మాది కొల్లేటి ఒడ్డున ఒక పల్లె. ఈ ప్రాంతంలో కుక్కలకు కొదువ లేదు. బాతుల మందలు కాయడానికి జొనంగి కుక్కలను పెంచే అలవాటు ఇక్కడ పాతది. నున్నటి ఒళ్ళు, ముడతలు పడిన నుదురు, చురుకైన నడక, అదీ జొనంగి. మా టైగర్ ఆ జాతి కాదు, ఆల్సేషియన్. నిజానికి అది జర్మనీలో గొర్రెల కాపరులు పెంచిన జాతి. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఆంగ్లేయులకు జర్మనీ పేరు నోట పలకడం ఇష్టం లేక ఆల్సేషియన్ అని పిలిచారు. 1977లో వాళ్ళు పాత పేరు మళ్ళీ రాసుకున్నారు గాని మన పల్లెల్లో మాత్రం ఆల్సేషియన్ అనే మాటే నిలిచిపోయింది.

2018లో మా సంఘస్థుడొకరు ఉద్యోగరీత్యా విశాఖపట్నం బదిలీ అయి వెళుతూ రెండు నెలల పిల్లను మా చేతిలో పెట్టి వెళ్ళారు. అప్పటికి మా పెండ్లి అయి ఎనిమిది సంవత్సరాలు. పిల్లలు లేరు. మా ఇంటావిడ దానిని ఒళ్ళో పెట్టుకొని సీసాతో పాలు పట్టింది. రెండో ఏడు నిండేసరికి బస్తాల కాటా మీద నిలబెట్టి తూస్తే 36 కిలోలు తూగింది. మంచం కాళ్ళ దగ్గర పడుకొనేది. మేము ప్రార్థన కూటం నుండి ఎంత రాత్రి వచ్చినా గేటు దగ్గర కూర్చొని ఉండేది. ఊరివారు నవ్వుతూ “అమ్మగారి పెద్దకొడుకు” అనేవారు. ఆ మాటకు మా ఇంటావిడ కూడా నవ్వేది గాని, ఆ నవ్వులో ఏముందో మాకు తెలుసు.

పదమూడవ సంవత్సరంలో దేవుడు మా మొర ఆలకించాడు. 2023 ఫిబ్రవరిలో ఆమెకు అయిదో నెల. సరిగ్గా ఆ నెలలోనే హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాలుణ్ణి వీధికుక్కలు చుట్టుముట్టి చంపిన వార్త వచ్చింది. ఆ దృశ్యం ఫోన్లలో ఇల్లిల్లూ తిరిగింది. చూసిన తల్లులకు వారం రోజులు అన్నం సయించలేదు. ఆ తరువాత మా గేటు లోపలికి వచ్చిన ప్రతివారూ మొదట టైగర్ వైపు, తరువాత మా ఇంటావిడ కడుపు వైపు చూడడం మొదలుపెట్టారు. పెద్దలు ఒకరిద్దరు, “అయ్యగారూ, మాట అంటున్నామని అనుకోవద్దు, ముందే ఒక దారి చూడండి” అన్నారు. చేపల చెరువుల ఆసామి ఒకాయన, “చెరువు గట్టు మీద కాపలాకు పెట్టుకుంటాను, పూటకు ఇంత అన్నం పెడతాను, ఇచ్చేయండి” అని మూడుసార్లు కబురు చేశాడు. గట్టు మీద కాపలా అంటే ఏమిటో ఇక్కడివారికి చెప్పనక్కర లేదు. ఎండకు ఎండి, వానకు తడిసి, ఆరడుగుల గొలుసు చివర జీవితమంతా గడపడమే.

మా అత్తయ్యగారు అందరికంటే సూటిగా మాట్లాడే మనిషి. రేపల్లె దగ్గర ఆమె ఊరు. సీమంతం అయిన తరువాత కూతురిని పురిటికి తీసుకువెళ్ళడానికి వచ్చి, ఆటో ఎక్కబోయే ముందు గేటు దగ్గర ఆగి అన్నారు. “అల్లుడుగారూ, పిల్లను అయిదో నెలలో తీసుకొస్తాను. అప్పటికి ఆ కుక్క ఇక్కడుంటే నేనూ ఉంటాను. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, బిడ్డ మీద గుర్రుమన్నదా, ఆ పూటే అది చెరువు గట్టుకు పోవాలి. ఇది నా షరతు.”

మేము ఒప్పుకొన్నాము. ఒప్పుకోక ఏమి చేయగలము? పదమూడేళ్ళ తరువాత పుట్టబోయే బిడ్డ ఆమెకు కూడా మొదటి మనుమరాలు.

ఇక్కడ ఒక మాట. పురిటికి పుట్టింటికి పంపే మన ఆచారం కుక్క ఉన్న ఇంటికి ఎంత మేలు చేస్తుందో ఎవరూ గమనించినట్లు లేదు. ఆసుపత్రి నుండి మూడో రోజుకే బిడ్డను ఇంటికి తెచ్చుకొనే దేశాలలో కుక్కను సిద్ధపరచడానికి వారికి దొరికే వ్యవధి తక్కువ. మాకు రెండు నెలలు ముందు, అయిదు నెలలు తరువాత దొరికాయి. పశువుల డాక్టరు గారు చెప్పినవి, మాకు తోచినవి కలిపి ఆ ఏడు నెలలూ పని పెట్టుకున్నాము.

మొదటి పని పడక మార్చడం. బిడ్డ వచ్చిన రోజునే కుక్కను గదిలో నుండి గెంటివేస్తే, ఆ కొత్త వాసన వచ్చినందువల్లనే తన చోటు పోయిందని అది ముడిపెట్టుకుంటుంది. గనుక బిడ్డ పుట్టకముందే టైగర్ గోనెపట్టా వరండాలోకి వెళ్ళింది. నాలుగు రాత్రులు తలుపు గీకింది. అయిదో రాత్రి పడుకుంది. వరండాకూ ముందుగదికీ మధ్య మా సంఘంలోని వడ్రంగి నడుం ఎత్తున బద్దల తలుపు ఒకటి చేసి బిగించాడు. దాని గుండా కుక్కకు లోపల అంతా కనబడుతుంది, వినబడుతుంది, గాని లోపలికి రాలేదు. మూసిన గదిలో పెట్టి కుక్కకు లోపలి సంగతి తెలియకుండా చేయడంకంటే ఇది వెయ్యి రెట్లు నయం. మా ఇంట్లో ఖర్చు పెట్టిన డబ్బులో ఇంత సార్థకమైనది మరొకటి లేదని ఇప్పటికీ అనుకుంటాము.

రెండవది గెంతడం మాన్పించడం. టైగర్‌కు ప్రేమ ఎక్కువైతే ముందుకాళ్ళు రెండూ ఎత్తి మనిషి భుజాల మీద వేసేది. బిడ్డను ఎత్తుకొన్న మనిషి మీద 36 కిలోల కుక్క గెంతితే దాని ప్రేమే ప్రమాదం. అది గెంతినప్పుడల్లా మేము మాట్లాడకుండా వెనక్కి తిరిగి నిలబడేవారము. నాలుగు కాళ్ళూ నేల మీద పెట్టినప్పుడే తల నిమిరేవారము. కొట్టలేదు, అరవలేదు. నెలన్నర పట్టింది.

మూడవది కొంచెం నవ్వు వచ్చే సంగతి. దిండుకు పాత చీర చుట్టి, బిడ్డను ఎత్తుకొన్నట్లు భుజాన వేసుకొని, రెండో చేత గొలుసు పట్టుకొని రోజూ సాయంకాలం కాలువగట్టు మీద టైగర్‌ను నడిపించేవారము. చేతిలో మూట ఉన్న మనిషి పక్కన లాగకుండా నెమ్మదిగా నడవడం దానికి అలవాటు కావాలని. కాలువలో బట్టలు ఉతికేవారు మొదటి రోజున చేతులాపి చూశారు. ఒక పెద్దమ్మ అయితే, “పాపం అయ్యగారికి బిడ్డమీద బెంగ ఎక్కువై దిండును ఆడిస్తున్నారు” అని వాడంతా చెప్పింది.

పాప జూన్‌లో పుట్టింది. ఆపరేషన్ చేసి తీశారు. తల్లీబిడ్డలిద్దరూ క్షేమం. మేము సోమవారాలలో రేపల్లె వెళ్ళివచ్చేవారము. వచ్చేటప్పుడు పాప వాడిన పొత్తిగుడ్డ ఒకటి సంచిలో పెట్టి తెచ్చేవారము. టైగర్‌కు దానిని గజం దూరం నుండి చూపించి, అది కూర్చున్న తరువాతనే వాసన చూడనిచ్చి, బాగుందని తల నిమిరేవారము. నోట కరచుకోనివ్వలేదు. ఆ వాసన వచ్చినప్పుడల్లా మంచే జరుగుతుందని దానికి తెలియాలి, అంతే. అలాగే పాప ఏడుపు ఫోనులో పట్టి తెచ్చి, అది అన్నం తినేటప్పుడు ముందు చిన్నగా, రోజురోజుకూ కాస్త పెద్దగా వినిపించాము. మొదటిసారి విన్నప్పుడు చెవులు నిక్కబొడుచుకొని ఇల్లంతా వెదికింది. పదోరోజుకు తలెత్తకుండా తిన్నది.

ఇవికాక మందుల సంగతి. ఇది మన పల్లెలలో మరీ నిర్లక్ష్యం చేసే సంగతి గనుక కాస్త వివరంగా రాస్తాము. కుక్క కడుపులో ఏలికపాములు ఉంటాయి. వాటి గుడ్లు మలంతో బయటికి వచ్చి, మట్టిలో రెండు మూడు వారాలు ఉంటే అంటుకొనే స్థితికి వస్తాయి. నేలమీద పాకే బిడ్డ ఆ మట్టి చేతులు నోట పెట్టుకుంటే ఆ పురుగులు ఒంట్లో తిరిగి కాలేయానికో, కంటికో కూడా చేటు తేవచ్చును. గనుక మూడు నెలలకొకసారి కుక్కకు నులిపురుగుల మందు పట్టించాలి. దాని మలాన్ని ఏ రోజుకారోజు ఎత్తి పూడ్చాలి. గోమార్లు ఏరి ఊరుకోకుండా వాటికి మందు వాడాలి. ఇక పిచ్చికుక్క రోగపు టీకా సంవత్సరానికొకసారి తప్పనిసరి. మన రాష్ట్రాలలోని పశువుల ఆసుపత్రులలో జూలై 6న ఉచితంగా వేసే ఏర్పాటు ఉంటుంది. 1885లో అదే తేదీన పారిస్‌లో లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ బాలుడికి మొదటిసారి టీకా ఇప్పించాడు. ఆ పిల్లవాడు బతికాడు. మా టైగర్‌కు కూడా ఆ తేదీన కార్డు పట్టుకొని వరుసలో నిలబడడం అలవాటే.

నవంబరులో పాప ఇంటికి వచ్చింది. ఆ రోజున మేము భయపడినది టైగర్ పాపను ఏమి చేస్తుందోనని కాదు, అయిదు నెలలకు పైగా చూడని మా ఇంటావిడను చూసి అది ఏమైపోతుందోనని. అందువలన ముందే అనుకున్న ప్రకారం అత్తయ్యగారు పాపతో ఆటోలోనే కూర్చున్నారు. మా ఇంటావిడ ఒట్టి చేతులతో గేటు లోపలికి వచ్చింది. ఆ కుక్క చేసిన సందడి వర్ణించడం మాకు చేతకాదు. మూలిగింది, చుట్టూ తిరిగింది, కాళ్ళ దగ్గర దొర్లింది. గెంతలేదు. ఆమె నేలమీద కూర్చొని దాని మెడ పట్టుకొని కాసేపు ఏడ్చింది. ఆ ఉద్రేకం చల్లారి అది నీళ్ళు తాగి పడుకున్న తరువాతనే పాప లోపలికి వచ్చింది, బద్దల తలుపుకు అవతలి వైపు నుండి. టైగర్ బద్దల సందులో ముక్కు పెట్టి చాలాసేపు వాసన చూసింది. తెలిసిన వాసనే. వెళ్ళి గోనెపట్టా మీద పడుకుంది. అత్తయ్యగారు మాత్రం, “నటిస్తోంది” అన్నారు.

మరునాటి ఉదయం నుండి అసలు సమస్య మొదలైంది. అది ఎవరూ మాకు చెప్పనిది, ఏ పుస్తకంలోనూ ఉండనిది. పాప స్నానం! పసిపిల్లల స్నానం ఎలా ఉంటుందో మీకు తెలుసు. అత్తయ్యగారు పీట మీద కాళ్ళు చాపుకొని కూర్చొని, కాళ్ళ మీద పాపను బోర్లా వేసి, నూనె రాసి, సున్నిపిండితో నలిచి, చేతులూ కాళ్ళూ సాగదీసి, వేడినీళ్ళు చెంబులతో గుమ్మరిస్తుంటే పాప గుక్కపట్టి ఏడ్చేది. ఫోనులో విన్న ఏడుపు వేరు, ఈ ఏడుపు వేరు. టైగర్ బద్దల తలుపు మీదికి లేచి, అత్తయ్యగారి వైపు చూసి పెద్దగొంతుతో మొరిగేది. ఈ ముసలమ్మ బిడ్డను ఏదో చేస్తున్నది, ఎవరూ పట్టించుకోరేమని దాని బాధ. అత్తయ్యగారి బాధ మరొకటి. “బిడ్డకు నీళ్ళు పోస్తుంటే నన్ను తిడుతోంది చూడండి!” దీనికి విరుగుడు సులువే. స్నానం వేళకు మేము దానిని కాలువగట్టుకు నడిపించుకొని పోయేవారము. సాంబ్రాణి పొగ వేసి పాపను పడుకోబెట్టిన తరువాత తిరిగి వచ్చేవారము. పది రోజులకు స్నానపు గిన్నె చప్పుడు వింటే అదే గొలుసు దగ్గరికి పోయి నిలబడేది.

ఉయ్యాల విషయంలో కూడా పల్లె ఇళ్ళవారు జాగ్రత్త పడాలి. దూలానికి చీరతో కట్టే ఉయ్యాల నేలకు జానెడు, మూరెడు ఎత్తులో ఊగుతుంది. అంటే పెద్ద కుక్క మూతికి సరిగ్గా ఎదురుగా. ఊగే వస్తువును చూస్తే వెంటాడే గుణం కుక్కలలో ఉంటుంది. లోపల ఉన్నది బిడ్డ అని దానికి తోచకపోవచ్చును. మా ఇంట్లో ఉయ్యాల లోపలిగదిలో కట్టాము. ఆ గది గడప టైగర్ ఇంతవరకు దాటలేదు. పొత్తిగుడ్డల బుట్టకు మూత పెట్టాము. పాలు కక్కిన బట్టలు ఎక్కడపడితే అక్కడ వేయలేదు. అన్నిటికంటే ముఖ్యమైనది ఒక్కటే. పాపా టైగర్ ఒకే చోట ఉన్నప్పుడు పెద్దవారొకరు మధ్యలో ఉండి తీరాలి. పొయ్యి మీద పాలు పొంగినా సరే, గేటు దగ్గర ఎవరో పిలిచినా సరే, బిడ్డను చంకన వేసుకొని వెళ్ళాలి, లేదా తలుపు వేసి వెళ్ళాలి. ఎంత మంచి కుక్క అయినా ఇందులో మినహాయింపు లేదు. చిన్నపిల్లలను కరిచిన కుక్కలలో ఆ ఇంటివి, పొరుగింటివి చాలానే ఉంటాయి. పిల్లల ఎత్తును బట్టి ఆ కాటు ముఖానికే తగులుతుంది.

ఎనిమిది నెలలు రాగానే పాప దోగాడసాగింది. ఇక్కడినుండి చదివేవారు మనసు పెట్టి చదవాలని కోరుతున్నాము. ఎందుకంటే ఉయ్యాలలో ఉన్న బిడ్డ దగ్గరికి కుక్క రావాలి. దోగాడే బిడ్డ అయితే తానే కుక్క దగ్గరికి పోతుంది. పట్టుకొని లేవడానికి గోడ ఎంతో తోక అంత. బిడ్డకు పిడికిలి బిగించడం తెలుసు, వదలడం తెలియదు.

మార్చి నెలలో ఒక సాయంకాలం. 2024. వరండాలో చాప మీద మేము, పాప. మా చేతికి అందేంత దూరంలో టైగర్ పడుకొని ఉంది, గొలుసు స్తంభానికి కట్టి ఉంది. పాప రెండడుగులు పాకి, దాని తలవైపు చేయి చాపింది. టైగర్ ముందు ముఖం అవతలికి తిప్పుకుంది. నాలుకతో మూతి నాక్కుంది. ఒళ్ళు బిగుసుకుంది. మేము అప్పటికే పాప నడుం పట్టి వెనక్కి తీస్తున్నాము. ఆ చిన్నవేళ్ళు చెవి దగ్గరికి పోబోతుండగా గొంతులో నుండి గుర్రుమన్నది. పళ్ళు చూపలేదు. తల ఎత్తలేదు. అంతే.

పాపకు ఏమీ తెలియలేదు. వెనక గుమ్మంలో నిలబడిన అత్తయ్యగారు మాత్రం విన్నారు. ఆమె అరవలేదు. నెమ్మదిగా, “మాట మాటే కదా అల్లుడుగారూ” అన్నారు.

ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగా భోంచేయలేదు. మా ఇంటావిడ పాపను ఒళ్ళో వేసుకొని, “పాపకేమైనా అయితే నేను బతకను. వాణ్ణి గట్టు మీద కట్టేసి వస్తే నేను నిద్రపోను” అన్నది. ఆ రెండూ నిజమే. షరతుకు ఒప్పుకొన్నది మేమే. సంఘానికి మాట నిలుపుకోవాలని బోధించేవారము, ఇంట్లో తప్పితే ఎలా? అయితే అంతకుముందు ఎన్నడూ గుర్రుమనని కుక్క ఎందుకు గుర్రుమన్నదో తెలుసుకోకుండా పంపడం కూడా మాకు న్యాయమని తోచలేదు. “ఒక్కరోజు గడువివ్వండి అత్తయ్యగారూ, డాక్టరుకు చూపించి అప్పుడు మాట నిలుపుకుంటాము” అన్నాము. ఆమె సరే అన్నారు.

మరునాడు మండల కేంద్రంలోని పశువుల ఆసుపత్రికి పోయాము. అత్తయ్యగారు తానూ వస్తానన్నారు, మేము మాటలు మార్చి చెబుతామేమోనని. మూతికి చిక్కం కట్టి బల్ల మీద పడుకోబెడితే డాక్టరు గారు ఒళ్ళంతా తడిమి చూశారు. ఎడమ చెవి మొదట్లో చెయ్యి పెట్టగానే టైగర్ ఒక్క ఉదుటున తల లాక్కుంది. లైటు వేసి లోపలికి చూస్తే, బయటికి కనబడనంత లోతున వాచి, చీము పట్టి ఉంది. ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి. పాప చేయి వెళ్ళింది ఆ చెవి మీదికే. సామెతల గ్రంథం ఇరవై ఆరవ అధ్యాయంలో, తనది కాని జగడంలో తలదూర్చేవాణ్ణి దారిన పోయే కుక్క చెవులు పట్టుకొనేవాడితో పోల్చి ఉంది. ఆ ఉపమానం వ్రాసినవారికి కుక్కల సంగతి బాగా తెలుసని మాకు ఆ రోజున తోచింది.

అత్తయ్యగారు డాక్టరు గారిని సూటిగా అడిగారు. “గుర్రుమన్న కుక్క రేపు కరవదా?”

ఆయన చెప్పిన జవాబు మా సొంత మాటలలో రాస్తున్నాము. కుక్కకు నోరు లేదు. నాకు ఇది ఇష్టం లేదు అని చెప్పడానికి దానికి కొన్ని మెట్లు ఉన్నాయి. ముందు ముఖం తిప్పుకుంటుంది. నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది, మూతి నాక్కుంటుంది. కంటి తెల్లగుడ్డు కనబడేట్లు ఓరగా చూస్తుంది. లేచి పోవడానికి చూస్తుంది. వీలు లేకపోతే ఒళ్ళు బిగబడుతుంది. అప్పటికీ మనం గ్రహించకపోతే గుర్రుమంటుంది. అన్నీ అయిపోయిన తరువాత చివరి మెట్టు కాటు. గుర్రుమన్నందుకు కొడితే ఆ కుక్క కరవడం మానదు, చెప్పడం మానుతుంది. ఇక ముందు ఏమీ చెప్పకుండా కరుస్తుంది. మొరిగే కుక్క కరవదని సామెత చెబుతారు గాని దానిని నమ్ముకొని బిడ్డను వదలవద్దు. మొరిగే కుక్కా కరుస్తుంది, మొరగనిదీ కరుస్తుంది. అయితే చెప్పే కుక్క ఉన్న ఇంట్లో మనకు బిడ్డను తీసుకొనే వ్యవధి ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో ఆటోలో అత్తయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. చెరువుల ఆసామి ఇంటి మలుపు వచ్చింది. మేము ఆటో ఆపమనలేదు, ఆమె కూడా అనలేదు. ఊరు దగ్గరపడ్డాక, “నాకు పన్ను సలుపు వచ్చినప్పుడు నా మీద చెయ్యి వేస్తే నేనూ కసురుకుంటాను” అన్నారు. తరువాత వెంటనే, “అయినా షరతు షరతే. గట్టుకు కాదులే. వరండాలో మాత్రం వద్దు. దానికొక చోటు చూపించండి, బిడ్డ వెళ్ళలేనిది” అన్నారు.

ఆ మాట న్యాయమైనది. కుక్క నుండి బిడ్డకు రక్షణ ఎంత అవసరమో, బిడ్డ నుండి కుక్కకు తప్పుకొనే చోటు అంత అవసరం. పెరట్లో వేపచెట్టు కింద రేకులు వేసి, చుట్టూ తడిక కట్టి, గెడ పెట్టిన చిన్న తలుపుతో దానికొక పాక వేశాము. చెవికి పది రోజులు చుక్కల మందు వేశాము. నయమయింది. అయితే నిజం చెప్పాలంటే టైగర్ పాత జీవితం మళ్ళీ రాలేదు. మంచం కాళ్ళ దగ్గర పడుకొన్న కుక్క వరండాకు, వరండా నుండి పెరటికి పోయింది. రాత్రిళ్ళు మా ఇంటావిడ ఇప్పటికీ పడుకొనే ముందు పెరటి తలుపు తీసి దానితో రెండు మాటలు మాట్లాడి వస్తుంది.

కుక్కను పంపివేయవలసిన ఇళ్ళు లేవని మేము అనము. అదివరకే మనిషిని కరిచిన కుక్క అయితే, కోడిపిల్లలను, మేకపిల్లలను వెంటాడి చంపేది అయితే, తల్లీదండ్రీ ఇద్దరూ కూలికి పోతే బిడ్డను చూసేది ఎనిమిదేళ్ళ అక్కే అయితే, మధ్యలో తలుపు పెట్టే వీలులేని ఒంటి గది ఇల్లయితే, మంచి చోటు చూసి ఇచ్చివేయడమే మేలు. దానికి సిగ్గుపడనక్కర లేదు. ఇటువంటి ఇంటివారు ఒకరు అడిగినప్పుడు మేమే వెంట ఉండి ఒక మామిడితోటవారికి ఇప్పించాము.

ఇంకొక్క సంగతి రాయకపోతే ఈ వ్యాసం వలన కీడే జరుగుతుంది. ఏ కుక్క కరిచినా, టీకా వేసిన ఇంటి కుక్క పన్ను గీరుకున్నా, వెంటనే పంపు కింద ధారగా నీళ్ళు పోస్తూ సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు, కాఫీపొడి పెట్టకూడదు. తాయెత్తు కట్టించి ఊరుకోకూడదు. అదే రోజున ఆసుపత్రికి పోవాలి. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు వేస్తారని మన పెద్దలు ఇంకా భయపడుతూ ఉంటారు. అది గొర్రె మెదడు నుండి తీసిన పాత మందు. దానిని 2005 నాటికే మన దేశంలో నిలిపివేశారు. ఇప్పటి టీకా చేతికి, పసిబిడ్డలకు తొడకు వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే మొదటి రోజు, 3వ, 7వ, 28వ రోజులలో వేస్తారు. గాయం నుండి రక్తం వస్తే గాయంలోనే సీరం కూడా వేయవలసి ఉంటుంది. ఏదీ మధ్యలో మానకూడదు. ఈ రోగంతో ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది చనిపోతున్నారని, వారిలో నూటికి నలభై మంది 15 ఏళ్ళలోపు పిల్లలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. రోగం బయటపడిన తరువాత బతికినవారు బహు అరుదు. ముందుగా టీకా వేయించుకుంటే చావవలసిన అవసరం లేని రోగం ఇది.

పాపకు నడక, మాటలు వచ్చాయి. ఇప్పుడు పాఠాలు దానికే ఎక్కువ. టైగర్ తింటుంటే దగ్గరికి పోకూడదు. పడుకుంటే ముట్టుకోకూడదు. వీపు ఎక్కకూడదు. ముందు పేరు పెట్టి పిలవాలి, అది తానుగా వస్తేనే వీపు మీద చేయి వేయాలి, రాకపోతే ఊరుకోవాలి. ఒకోసారి పిలుస్తుంది, అది రాదు. “టైగర్‌కి పని ఉంది” అని మాకు చెప్పి వెళ్ళి మట్టిలో ఆడుకుంటుంది. వెనువెంటనే చేతులు కడిగించే పని అత్తయ్యగారిది.

టైగర్‌కు ఏడేళ్ళు దాటాయి. మూతి నెరిసింది. ఈ జాతికి తుంటి కీళ్ళ జబ్బు ఎక్కువ గనుక లేచేటప్పుడు వెనుక కాళ్ళు కొంచెం తడబడుతున్నాయి. నొప్పి ఉన్న కుక్క విషయంలో మరింత జాగ్రత్త అని మాకు తెలుసు. పెరటి తడికకు ఈ మధ్యనే కొత్త గెడ వేయించాము. మొన్న జూలైలో టీకాకు బయలుదేరుతుంటే పాప తానూ వస్తానని మారాం చేసింది. అత్తయ్యగారు ఎత్తుకొని గేటు ఇవతలే నిలబడి, “ముందు దాన్ని ఆటో ఎక్కించండి, తరువాత చూద్దాం” అన్నారు.